ఆధార్‌లో జనవరి 1 నుంచి ఈఈఈ సీటు దాకా: నా అనుభవం

నేను నిజామాబాద్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. కరోనా తర్వాత 2021లో బడులు మళ్లీ తెరిచాక, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) రాసే పని నాకు అప్పగించారు. పిల్లల ఆధార్ కార్డులు ముందేసుకుని అడ్మిషన్ రిజిస్టర్‌తో ఒక్కో పేరూ సరిచూస్తున్నాను. ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మంది జనవరి 1నే పుట్టినట్టుంది. ఊళ్లో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు, పుట్టిన తేదీ కాగితం లేని పిల్లలకు ఏడాది మాత్రం అడిగి జనవరి 1 అని ఎక్కించేశారు. రిజిస్టర్‌లో మాత్రం అసలు తేదీలు వేరే ఉన్నాయి.

ఆ పదకొండు మందిలో ఒక అమ్మాయి గురించే ఇప్పుడు రాస్తున్నాను. తల్లి బీడీలు చేస్తుంది. తండ్రి సౌదీ నుంచి కరోనా టైమ్‌లో తిరిగొచ్చి ఊళ్లో ట్రాక్టర్ నడుపుతున్నాడు. పిల్ల లెక్కల్లో చురుకు. బోర్డు మీద లెక్క నేను సగం వేసేలోపే మిగతా సగం చెప్పేసేది.

తేదీ ఒక్కటే అయితే తొందరగా అయిపోయేది. ఆధార్‌లో ఇంటిపేరు కూడా వేరేగా ఉంది. పదో తరగతి మెమో మీద పడే పేరు, తేదీ పిల్లల చదువంతటికీ ఆధారం. ఇంటర్, ఎంసెట్, స్కాలర్‌షిప్, పాస్‌పోర్టు అన్నీ దాన్నే చూస్తాయి. మెమో అచ్చయ్యాక దిద్దించుకోవాలంటే పరీక్షల బోర్డు దాకా ఫైలు నడవాలి. అంతకన్నా ఇప్పుడే ఆధార్ దిద్దించడం మేలు అనుకున్నాం. ఆధార్‌లో పేరు రెండుసార్లు మార్చుకోవచ్చు గానీ పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే తొందరపడకుండా ముందు బర్త్ సర్టిఫికెట్ తెమ్మన్నాను. పిల్ల పుట్టింది అమ్మమ్మ ఊళ్లో. అక్కడి పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వాళ్లమ్మ మూడుసార్లు తిరిగింది. వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు బీడీల కూలి పోయినట్టే.

2022లో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. జీపీఏ 9.5. బాసర ట్రిపుల్ ఐటీకి అప్లై చేయించాను. మామూలు సర్కారు బడిలో చదివిన పిల్లలకు అక్కడ అప్పట్లో జీపీఏకి 0.4 కలిపేవారు. అది కలిపినా సీటు రాలేదు. పాలిటెక్నిక్ కోసం పాలిసెట్ కూడా రాసింది. మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే ఆ దారి చేతిలో డబ్బు లేని ఇంటికి చాలా మంచిదని నా నమ్మకం. కానీ అప్పటికే వాళ్లింటికి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ పీఆర్వో వచ్చి వెళ్లాడు. "మంచి జీపీఏ కదా, ఫీజు దాదాపు మాఫీ" అన్నాడట. తండ్రి ఒప్పుకున్నాడు. పిల్ల ఎంపీసీలో చేరింది. ఎంత మాఫీ, ఎంత కట్టాలి అన్నది కాగితం మీద రాయించుకోమని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. రెండేళ్ల తర్వాత ఆ కాగితం లేకపోవడమే మమ్మల్ని ఇబ్బంది పెట్టింది.

2024 మేలో ఎంసెట్ రాసింది. పేరు ఆ ఏడాదే టీజీ ఈఏపీసెట్ అయింది గానీ మా ఊళ్లో అందరికీ అది ఎంసెట్టే. ర్యాంకు ఇరవై నాలుగు వేల చిల్లర. తెలంగాణలో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు కాబట్టి ఉన్నది ఆ ర్యాంకు ఒక్కటే. ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు మా ఇంటికొచ్చారు.

"మేడం, బిడ్డ ఇంజనీరింగ్ జేస్తనంటుంది. ఎంత ఖర్చయితదో ఎవలు చెప్తలేరు. మీరన్న చెప్పుండ్రి" అంది ఆమె.

కాగితం తీసి మధ్యలో గీత గీశాను. ఎడమవైపు సర్కారు ఇచ్చేది, కుడివైపు ఇల్లు మోయాల్సింది. వాళ్లు బీసీలు. పల్లెల్లో బీసీలకు ఏడాది ఆదాయం లక్షన్నర లోపు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. పట్నంలో ఆ పరిమితి రెండు లక్షలు. అయితే ర్యాంకు పది వేలు దాటిన బీసీ పిల్లలకు ప్రైవేటు కాలేజీలో సర్కారు ఇచ్చేది ఏడాదికి 35 వేలే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకుతో పని లేకుండా ఫీజంతా వస్తుంది. ఈ 35 వేల సంగతి మా మండలంలో సగం మంది తల్లిదండ్రులకు తెలియదు. రీయింబర్స్‌మెంట్ అంటే మొత్తం సర్కారే కడుతుందని అనుకుంటారు. ఫీజు లక్షా పది వేలున్న కాలేజీలో చేరితే మిగతా 75 వేలు ఏటా ఇల్లే కట్టాలి. నాలుగేళ్లకు 3 లక్షలు. హాస్టల్, మెస్, పుస్తకాలు దానికి అదనం.

ఆమె కాగితం వైపు చాలాసేపు చూసింది. వెయ్యి బీడీలకు రెండు వందల పైచిలుకు వస్తుంది. నెలకు పదిహేను రోజులు కూడా కార్ఖానాలో పని దొరకడం లేదు. నేనేమీ చెప్పకుండానే ఆమె లెక్క వేసుకుంది. "గట్లయితే పెద్ద కాలేజి మనకద్దు మేడం" అంది. పెద్ద కాలేజీ వద్దనుకోవాల్సిన పని లేదని, తక్కువ ఫీజున్న యూనివర్సిటీ కాలేజీని ముందు పెట్టుకుందామని చెప్పాను. జేఎన్‌టీయూకి జగిత్యాల జిల్లా నాచుపల్లిలో కాలేజీ ఉంది, కొండగట్టు దగ్గర. కోరిన బ్రాంచి రాకపోయినా ఆ కాలేజీ కోసం ప్రయత్నించాలని ఆ రాత్రే అనుకున్నాం.

ఇక కాగితాలు. కౌన్సెలింగ్‌కు ఆదాయ సర్టిఫికెట్ ఆ ఏడాది జనవరి 1 తర్వాత జారీ అయినదే ఉండాలి. వాళ్ల దగ్గరున్నది పాతది. మీసేవలో అప్లై చేస్తే గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ చేయాలి, తహసీల్దార్ సంతకం పెట్టాలి. 2020లో వీఆర్వోల (గ్రామ రెవెన్యూ అధికారుల) వ్యవస్థ రద్దయింది కాబట్టి ఊరి గురించి చెప్పే మనిషి అప్పుడు ఆఫీసులో లేడు. "తండ్రి సౌదీలో ఉన్నడు కదా, లక్షన్నర లోపు అని ఎట్ల రాయాలె?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే, తప్పు పట్టను. తండ్రి పాస్‌పోర్టు తెచ్చి, తిరిగొచ్చిన ముద్ర చూపించాకే సర్టిఫికెట్ వచ్చింది. ఈలోపు తొమ్మిది రోజులు పోయాయి. కాగితాల వెరిఫికేషన్ స్లాట్ తేదీకి రెండు రోజుల ముందు చేతికందింది. అది లేకుండా వెరిఫికేషన్‌కు వెళ్లి ఉంటే రీయింబర్స్‌మెంట్ అర్హత పడేది కాదు, అలాట్‌మెంట్ ఆర్డర్‌లో ఫీజంతా కట్టమని వచ్చేది.

అదే వారంలో జూనియర్ కాలేజీ వాళ్లు టీసీ ఇవ్వం అన్నారు. 8,500 బాకీ ఉందట. మాఫీ అని నోటిమాటగా చెప్పిన పీఆర్వో ఫోన్ ఎత్తలేదు. నేను వెళ్లి అడిగాను, బతిమాలాను, పెద్దసారు లేరన్నారు. చివరికి తల్లి మహిళా సంఘంలో అప్పు తీసుకుని కట్టింది. టీసీ చేతికొచ్చాక కాలేజీ గేటు బయట ఆ పిల్ల ఏడ్చింది. పిల్లల టీసీని తాకట్టు వస్తువులా పెట్టుకోవడం అన్యాయం, ఏ లెక్క చూపించినా అన్యాయమే. ఇది చదివే తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే: ఇంటర్‌లో చేరిన రోజే మొత్తం ఫీజు, మాఫీ ఎంత, ఎన్ని కిస్తీలు అన్నది కాలేజీ ముద్రతో రాయించుకోండి. కట్టిన ప్రతి రశీదూ దాచండి.

ప్రాసెసింగ్ ఫీజు 1,200 ఆన్‌లైన్‌లో కట్టాం (ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 600). నిజామాబాద్ హెల్ప్‌లైన్ సెంటర్‌లో వెరిఫికేషన్ అరగంటలో అయిపోయింది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా బోనఫైడ్‌లు నేనే మా బడిలో రాయించి పెట్టాను కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు.

అసలు టెన్షన్ వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే కోరుకునే కాలేజీలు, బ్రాంచీలు ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టే దగ్గర. ఓటీపీ వెళ్లే నంబరు తండ్రిది, దానికి రీచార్జ్ అయిపోయి ఉంది. నెట్ సెంటర్‌లోనే రీచార్జ్ చేయించాం. అక్కడ ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ మనిషి కూర్చుని ఉన్నాడు. "పాస్‌వర్డ్, ఓటీపీ చెప్తే ఆప్షన్లు మేమే పెడతం, మీకెందుకు ఇబ్బంది" అంటున్నాడు. పక్క ఊరి తండ్రి ఒకాయన చెప్పబోతుంటే ఆపాను. ఆ పాస్‌వర్డ్ ఇస్తే పిల్లల నాలుగేళ్లు వాళ్ల చేతిలో పెట్టినట్టే. ఆయన పిల్లవాడి ఆప్షన్లకు కూడా మా పక్కనే కూర్చోబెట్టుకున్నాం.

మా అమ్మాయికి ఎనభైకి పైగా ఆప్షన్లు పెట్టించాను. చాలామంది తమ ర్యాంకుకు రాదనుకున్న కాలేజీని అసలు పెట్టరు. పైన పెట్టినందువల్ల నష్టమేమీ లేదు. కంప్యూటర్ మనం ఇచ్చిన వరుసలోనే పైనుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు దొరికిన మొదటి సీటు ఇస్తుంది. కాబట్టి వరుస మనసులో ఏది ముందో దాని ప్రకారమే ఉండాలి. ప్రతి కాలేజీ ఎదురుగా ఫీజు రాసుకుని, అందులోంచి 35 వేలు తీసేసి, మిగిలినది మోయలేమనిపించిన వాటిని కొట్టేశాం. ఫ్రీజ్ చేసి ప్రింట్ తీసుకున్నాం.

మొదటి విడతలో హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి (ఆన్‌లైన్‌లోనే సీటు ఒప్పుకుని), రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు ఇచ్చాం. ఈసారి జగిత్యాల జేఎన్‌టీయూలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) వచ్చింది. ఇంట్లో వాళ్ల మామయ్య "సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కాకపోతే ఎందుకు" అన్నాడు. ఆ పిల్ల మాత్రం కరెంటు పని తనకిష్టమని, నాన్న ట్రాక్టర్ వైరింగ్ తానే చూస్తానని చెప్పింది. నాకు అంతకన్నా సంతోషం లేదు.

సీటు రాకపోతే స్పాట్ అడ్మిషన్‌లో చూద్దామనుకునే వాళ్లకు ఒక మాట. కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుకే రీయింబర్స్‌మెంట్. స్పాట్‌లో, మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రాదు. చేరాక తెలుసుకుని బాధపడిన కుటుంబాలను చూశాను.

చేరిన తర్వాత ఈపాస్‌లో (రీయింబర్స్‌మెంట్ వెబ్‌సైట్) అప్లికేషన్. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉండాలి, వేలిముద్ర సరిపోవాలి, ఏటా రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతం తగ్గకూడదు. వెబ్‌సైట్‌లో పదో తరగతి హాల్‌టికెట్ నంబరు కొట్టగానే పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయని వచ్చింది. వాళ్లమ్మ అమ్మమ్మ ఊరికి తిరిగిన మూడు రోజుల కూలి అక్కడ అక్కరకొచ్చింది. రీయింబర్స్‌మెంట్ డబ్బు మాత్రం కాలేజీలకు ఆలస్యంగానే అందుతోంది. ఆ ఆలస్యం భారం పిల్లల మీద పడకూడదు.

స్కాలర్‌షిప్‌ల విషయంలో కొంత ఆలోచించాల్సి వచ్చింది. సాంకేతిక విద్య చదివే అమ్మాయిలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్య కేంద్ర మండలి) ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50 వేలు వస్తుంది, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చేది వేరే ఉంది, దానికి తల్లి బీడీ గుర్తింపు కార్డు కావాలి. అయితే సర్కారు స్కాలర్‌షిప్‌లు రెండు ఒకేసారి తీసుకోకూడదు. అన్నిటికీ అప్లై చేస్తే తర్వాత తిరిగి కట్టమంటారు. ఏది ఎక్కువ కాలం, ఖాయంగా వస్తుందో చూసుకుని మేం రీయింబర్స్‌మెంట్ దగ్గరే ఆగాం.

మా పాత విద్యార్థి ఒకబ్బాయికి జేఈఈ మెయిన్‌తో వరంగల్ నిట్‌లో సీటు వచ్చే ర్యాంకు ఉన్నా, ఫీజు చూసి వాళ్ల నాన్న వద్దన్నాడు. నిట్‌లలో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల దాకా మూడింట రెండు వంతులు మాఫీ. ఈ ఒక్క మాట చెప్పడానికి నేను వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను. చివరికి ఒప్పుకుని, హాస్టల్ ఖర్చుకు బ్యాంకు చదువు రుణం తీసుకున్నారు. 4 లక్షల దాకా తాకట్టు అడగరు, తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. చదువయ్యాక ఏడాది దాకా కిస్తీ మొదలవదు. 2024 నవంబర్‌లో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకం తెచ్చింది. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వస్తే తాకట్టు గానీ, జామీను గానీ లేకుండానే రుణం వస్తుంది. ఇలాంటి పిల్లలు మీ ఊళ్లో ఉంటే ఫీజు చూసి వెనక్కి తగ్గకముందే వాళ్లకు ఈ సంగతి చేరేయండి.

ఇప్పుడు ఆ అమ్మాయి రెండో సంవత్సరంలో ఉంది. పండక్కి వచ్చినప్పుడు మా బడికి వచ్చి, పదో తరగతి పిల్లలకు వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలో బోర్డు మీద రాసి చూపించింది. తర్వాత నా దగ్గరికొచ్చి, తమ్ముడి ఆధార్ కార్డు బల్ల మీద పెట్టింది. వాడు ఎనిమిదో తరగతి, ఈ ఏడాది ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు వస్తాయి.

కార్డు మీద జనవరి 1 అనే ఉంది.

"బర్త్ సర్టిఫికెట్ అమ్మమ్మ ఊర్లనే ఉంటది మేడం. నేనే వోయి తెస్త, అమ్మకు మళ్ల కూలి వోవద్దు" అంది. పంచాయతీ కార్యదర్శి ఫోన్ నంబరు రాసిచ్చాను.