ఫోటో కింద రెండు వాక్యాలు

ఎంఏ చరిత్ర చివరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మా బ్యాచ్‌లో ఎక్కువమంది పత్రికలకో ఎన్జీవోలకో వెళ్లారు. నేను ఒక మ్యూజియం ప్రచురణల విభాగంలో చేరాను. గైడు పుస్తకాలు, కేటలాగులు, గ్యాలరీలో పెట్టే బోర్డులు అన్నీ అక్కడే తయారవుతాయి. నేను వెళ్లేసరికి అమరావతి శిల్పాల మీద చిన్న తెలుగు పుస్తకం పని నడుస్తోంది. క్యాప్షన్లు, ఫోటోల అనుమతులు, ప్రూఫులు నాకప్పగించారు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది క్యాప్షన్లకే. రాయి, కాలం, కొలతలు, దొరికిన చోటు, ఇప్పుడున్న చోటు, యాక్సెషన్ నంబరు (మ్యూజియంలో చేరిన ప్రతి వస్తువుకూ రిజిస్టరులో ఇచ్చే నంబరు) ముందు రిజిస్టరుతో సరిచూడాలి. ఆ తర్వాతే వివరణ, అదీ రెండు వాక్యాలు దాటకూడదు.

చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోని నాలాగిరి ఏనుగు పతకమే చూడండి. గుండ్రటి రాతిలో ఎడమవైపు మదమెక్కిన ఏనుగు మనుషుల్ని తొక్కేస్తూ వస్తోంది, జనం హడలిపోతున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. ఒకే చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు! ఆ సంగతి చెప్పకపోతే చూసేవాళ్లు రెండు ఏనుగులనుకుని వెళ్లిపోతారు. అందుకే నా మొదటి వాక్యం దానికే వాడుకున్నాను. పాత డ్రాఫ్టులో మాత్రం ‘భయంతో ఒకామె భర్తను పట్టుకుంది’ అని ఉంది. ఎడిటర్ మేడమ్ దాని పక్కన పెన్సిల్‌తో ‘భర్తేనని ఎవరు చెప్పారు?’ అని రాసిపెట్టారు. ‘పక్కనున్నతన్ని’ అని మార్చాం. రాతిలో కనిపించేది ఏది, మనం ఊహించుకునేది ఏది అని విడదీసి చూడటం ఏ క్లాసులోనూ నాకింత గట్టిగా నేర్పలేదు.

ఇక ఫోటోలు. అమరావతి రాళ్లు ఒక్కచోట లేవు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన వాటిని మద్రాసు తీసుకెళ్లారు. 1859లో వాటిలో చాలా రాళ్లను ఓడెక్కించి లండన్ పంపేశారు. మన కృష్ణ ఒడ్డు స్తూపం మీద మనం పుస్తకం వేసుకోవడానికి లండన్‌కి దరఖాస్తు పెట్టాలంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ రాళ్లు ఇప్పుడున్న బ్రిటిష్ మ్యూజియం ఫోటోలు వ్యాపారేతర అవసరాలకైతే షరతులకు లోబడి వాడుకోవచ్చు, అమ్మే పుస్తకానికి లైసెన్సు తీసుకోవాలి. ఎన్ని కాపీలు, ఏ భాష, కవరు మీదా లోపలా, పేజీలో ఎంత భాగం అన్నీ చెప్పాలి. అంటే లేఅవుట్ ఒక కొలిక్కి రాకుండా అనుమతి అడగలేం.

మాకు కావలసిన వాటిలో ఒక పలక నంబరు 1880,0709.79. ఆ రాయి 1880 జూలై 9 తేదీతో రిజిస్టరులోకి ఎక్కిందని నంబరులోనే ఉంది. దానికి ఒకవైపు బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కేవాళ్లు. అది క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు పని. కొన్ని శతాబ్దాల తర్వాత మరో శిల్పి అదే రాయిని తిప్పి, వెనకవైపు స్తూపాన్ని చెక్కాడు. అమరావతి స్తూపం ఎలా ఉండేదో మనకు తెలిసింది చాలావరకు ఇలాంటి పలకల వల్లే. లేఅవుట్‌లో స్తూపం వైపు ఒక్కటే పెట్టారు. రెండూ ఎదురెదురు పేజీల్లో ఉండాలని పట్టుబట్టాను. ఒకే కాగితం మీద కలిపి అచ్చువేసే 16 పేజీల ఫారం లెక్కలో ఒక పేజీ పెరిగితే మరొకటి తగ్గాల్సిందే. చివరికి ముందుమాటలు రెండింటిని ఒక పేజీలోకి కుదించారు. నాకైతే అది సరైన బేరం.

ప్రూఫుల దశలో కొత్త తంటా. యూనికోడ్‌లో టైపు చేసిన మేటర్ని డీటీపీ వాళ్ల పాత ఫాంట్‌లోకి మార్చేసరికి కొన్ని వత్తులు ఎగిరిపోయాయి. తెరమీద కాకుండా కాగితం మీద, అదీ పైకి చదువుతూ దిద్దితేనే దొరికాయి. తర్వాత రంగు. పల్నాటి సున్నపురాయిది లేత ఆకుపచ్చ ఛాయ. మొదటి కలర్ ప్రూఫులో పసుపు పూసినట్టొచ్చింది. ప్రూఫును గ్యాలరీ బల్బు కింద కాకుండా పగటి వెలుగులో, ఫోటోతో పాటు తీసిన, రంగులు సరిపోల్చుకునే కలర్ కార్డు పక్కన పెట్టి చూశాం. పసుపు తగ్గించి మళ్లీ తీయించాక రాయి రాయిలా కనిపించింది.

ఇలాంటి చోటికి వెళ్లే విద్యార్థులకు ఒక్కటే చెబుతాను. చేరగానే యాక్సెషన్ రిజిస్టరు చూపించమని అడగండి, పుస్తకాల సంగతి తర్వాత. ఫోటోల అనుమతుల ఉత్తరాలు మొదటి వారంలోనే పంపించేయండి. జవాబులు రావడానికి మనం అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం పడుతుంది, అవి రాకుండా ఏ ఫారమూ ప్రెస్సుకు వెళ్లదు.