నీవు బయట నిలువవలెను

బైబిలులోని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ప్రసంగాల్లో అరుదుగా వినబడుతుంది. "నీ పొరుగువానికి ఏదైనను నీవు ఎరువిచ్చినయెడల అతనియొద్ద తాకట్టు వస్తువు తీసికొనుటకు అతని యింటికి వెళ్లకూడదు. నీవు బయట నిలువవలెను." అప్పు తీసుకున్నవాడే ఆ వస్తువును తెచ్చి చేతికిస్తాడు. అంతవరకూ అప్పిచ్చినవాడు గుమ్మం బయటే ఆగాలి.

లోపలికి వెళ్తే ఏమవుతుంది? అతని కళ్లు ఇల్లంతా తిరుగుతాయి. ఖాళీ కుండలు, చిరిగిన పడక, మూలన ముడుచుకున్న ముసలితల్లి, అన్నీ కనబడతాయి. "అది కాదు, ఇది ఇవ్వు" అని తనకు నచ్చింది చూపిస్తాడు. పిల్లలు చూస్తుండగా తండ్రి తల వంచుకోవాలి. అప్పు ఇచ్చినందుకు తాకట్టు అడిగే హక్కు దేవుడు కాదనలేదు. ఆ హక్కు గడప దాటకూడదన్నాడు, అంతే. పేదవాడి ఇల్లు ఎంత చిన్నదైనా అది అతని ఇల్లు.

అదే అధ్యాయంలో తిరగలిని తాకట్టు పట్టకూడదని ఉంది. దాన్ని తీసుకుంటే వాడి బ్రతుకునే తీసుకున్నట్టు. బీదవాడు పైబట్ట తాకట్టు పెడితే పొద్దు గూకేసరికి తిరిగి ఇచ్చేయాలి, అతను దాన్నే కప్పుకొని పడుకోవాలి గనుక. ఆ రాత్రి అతను వెచ్చగా పడుకొని నిన్ను దీవిస్తాడు, అది నీకు నీతిగా ఎంచబడుతుంది అంటుంది 13వ వచనం. రాత్రికి తిరిగి వెళ్లిపోయే తాకట్టుతో అప్పిచ్చినవాడికి ఒరిగేదేమిటని లోకజ్ఞానం అడగవచ్చు. పెద్దగా ఏమీ లేదు. బహుశా దేవుని ఉద్దేశం కూడా అదే.

పేదవాణ్ణి ఆదుకోవడమంటే ఇవ్వడమేనని మనం అనుకుంటాం. ఇచ్చేటప్పుడు అతని పరువు నిలిచిందా లేదా అన్నది కూడా బైబిలు చూస్తుంది. రూతు కథ చదవండి. ఆమె పరిగె ఏరుకోవడానికి వెళ్లిన పొలం బోయజుది. అతను తలచుకుంటే ఒక మూట కట్టించి అక్కడికక్కడే పంపేయగలడు. అలా చేయలేదు. కోత కోసేవాళ్లను పిలిచి, ఆమె కోసం పిడికెళ్లు కావాలనే జారవిడవమన్నాడు, ఆమెను గద్దించవద్దని కూడా చెప్పాడు. సాయంత్రం రూతు దుల్లగొట్టిన యవలు ఇంచుమించు తూమెడు అయ్యాయి. పరదేశి, విధవరాలు, అయినా ఆ గింజలు ఆమె వంగి ఏరుకున్నవి. అత్తగారి ముందు వాటిని దించినప్పుడు ఆమె బిచ్చగత్తె కాదు.

కొరింథు సంఘంలో ఇది తలకిందులైంది. ప్రభువు బల్ల దగ్గరే, అంటే యేసును జ్ఞాపకం చేసుకుంటూ కలిసి తినే భోజనంలోనే, కొందరు ముందుగా తిని తాగేవారు, మరికొందరు ఆకలితో ఉండేవారు. ఆ సంఘానికి రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు అందుకు మండిపడతాడు. లేనివాళ్లకు తిండి అందలేదన్నదే కాదు, వాళ్లను సిగ్గుపరచారన్నది కూడా ఆయన మోపిన నేరమే.

ఇక మన సంగతి. బీదలకు పంచే సంచి చేతికి అందే ముందు ఫోటో. వరుసలో నిలబెట్టి, తల పైకెత్తించి, వెనక బ్యానరు కట్టి, దాత నవ్వుతుండగా ఫోటో. కెమెరా పట్టుకొని మనం ఆ గడప దాటి లోపలికి వెళ్లిపోయామని నాకు అనిపిస్తుంది. కొన్నిచోట్ల పుచ్చుకున్నవాళ్లచేత అందరి ముందు సాక్ష్యం కూడా చెప్పించుకుంటారు, అది మరీ ఘోరం. కానుకలిచ్చినవారికి లెక్క చూపించాలి కదా అంటారు. నిజమే, చూపించాలి. పౌలు యెరూషలేములోని బీదల కోసం మాసిదోనియ, అకయ సంఘాల కానుకలు పోగు చేసినప్పుడు నింద రాకుండా ఎంతో జాగ్రత్తపడ్డాడు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంటబెట్టుకున్నాడు. ప్రభువు ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా సరిగ్గా ఉండాలని రెండవ కొరింథీయులకు 8వ అధ్యాయంలో రాశాడు. డబ్బుకు సాక్షులున్నారు. పుచ్చుకున్న బీదల్లో మాత్రం ఒక్కరి పేరు కూడా ఆయన ఉత్తరాల్లో లేదు.

మళ్లీ ఆ 24వ అధ్యాయానికే వస్తే, తాకట్టు మాట ముగిసిన వెంటనే కూలి మాట వస్తుంది. ఏనాటి కూలి ఆనాడే, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలి, "వాడు బీదవాడు గనుక దానిమీద ఆశ పెట్టుకొనియుండును." బిగబట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని, కోసినవారి కేకలు ప్రభువు చెవుల్లో పడ్డాయని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. ఇది దానం కాదు, బాకీ. క్రిస్మస్‌కు బీదలకు ఎన్ని దుప్పట్లు పంచాలో తేల్చడానికి సంఘ పెద్దలు కూర్చున్నప్పుడు, మందిరం ఊడ్చే ఆమెకు, రాత్రి కాపలా ఉండే ఆయనకు జీతం ఏ నెల వరకు ముట్టిందో ముందు అడిగితే బాగుంటుంది. దుప్పట్ల లెక్క ఆ తర్వాత చూసుకోవచ్చు.