అమ్మ వేలు, అర సెకను

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. మధ్యాహ్నం పిన్ని అన్న మాట నన్ను ఇంకా వదలడం లేదు కనుక ఇది రాసి పడుకుంటాను. "రెండు రోజులుగా అక్క నాకు ఫోను చెయ్యలేదు, హైదరాబాదు వచ్చాక మమ్మల్ని మరిచిపోయిందా?" అని పిన్ని నా నంబరుకు చేసి అడిగింది. పొద్దున్న కాఫీ అయ్యాక ఒకసారి, దీపం పెట్టాక ఒకసారి ఆ అక్కచెల్లెళ్లు మాట్లాడుకోకపోతే రోజు గడవదు. లోపలికి వెళ్లి అడిగితే, అమ్మ ఫోనును కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టి, "ఆ పచ్చ గుర్తు ఎటో పోయిందే అమ్మాయ్. నేనేం చెయ్యలేదు, వేలు పెట్టానంతే. పాడు చేశానేమోనని చెప్పలేదు" అన్నది.

పాడైనదేమీ లేదు. తెర మీది గుర్తును తాకి వెంటనే వేలు తీస్తే అది తెరుచుకుంటుంది. వేలు అక్కడే నిలిస్తే ఫోను దానిని వేరే ఆజ్ఞగా తీసుకుని, గుర్తును కదిలించడానికో తీసివేయడానికో సిద్ధమవుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న గడువు సుమారు అర సెకను. అమ్మ వేలు అంతకన్నా ఎక్కువసేపు ఆగింది, గుర్తు లేచింది, కంగారులో వేలు పైకి జరిగింది, అక్కడ తీసివేసే చోట గుర్తు పడి మాయమైంది. యాప్ లోపల భద్రంగానే ఉన్నది. దానిని వెతికి మళ్లీ కిందకు తెచ్చి పెట్టడానికి నాకు పది సెకన్లు పట్టలేదు. ఆ పది సెకన్ల పని కోసం అమ్మ రెండు రోజులపాటు తప్పు చేసిన పిల్లలా ఎవరికీ చెప్పుకోకుండా కూర్చున్నది.

ఈ ఫోను పండుగకు నేనే కొన్నాను. దుకాణానికి అమ్మను కూడా తీసుకువెళ్లాను. అక్కడి అబ్బాయి కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లో, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్‌లో, ఎన్ని నిమిషాల్లో ఛార్జి నిండుతుందో అరగంట సేపు చెప్పాడు, నేను శ్రద్ధగా విన్నాను. ఆ అరగంటలో అతను గానీ నేను గానీ ఫోనును అమ్మ చేతిలో పెట్టి, ఒక కాల్ వస్తే ఎలా ఎత్తుతుందో చూడలేదు. ఇంటికి తెచ్చాక అసలు చిరాకు మొదలైంది. తాళం తెర మీద మా చిన్నవాడి ఫొటో పెట్టి ఇచ్చాను. పక్క బటన్ నొక్కిన ప్రతిసారీ ఆ ఫొటో బదులు ఏదో కొండ, ఎవరో క్రీడాకారుడు, వాటి కింద ఒక వార్త. "ఇది నా ఫోనేనా?" అని అమ్మ వారం రోజుల్లో ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు. మేము ఎక్కించుకోని ఆటల యాప్‌లు అందులో ముందే ఉన్నాయి, అవి రాత్రి పదింటికి కూడా టింగుమని మోగేవి, ఆ మోత విని పిన్నికి ఒంట్లో ఏమైనా బాగాలేదేమోనని అమ్మ లేచి కూర్చునేది. ఒక ఆదివారం సాయంత్రమంతా కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా ఆపాను. వాటిని ఆపే చోటు కూడా ఒకటి కాదు, నాలుగైదు మెట్లు లోపల, ఒక్కొక్క దానికి ఒక్కొక్క దారి. డబ్బు పోసి కొన్న వస్తువు ముఖం మీద ఏమి కనబడాలో నిర్ణయించే హక్కు కొన్నవాళ్లదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పుడు కూడా నాకు కోపం వస్తున్నది.

సాయంత్రం మా ముగ్గురి ఫోన్లనూ భోజనాల బల్ల మీద వరుసగా పెట్టి, అమ్మ చేతనే అన్నీ చేయించి చూశాను. నా ఐఫోనులో గుర్తు మీద వేలు ఆపితే ముందు ఒక చిన్న జాబితా వస్తుంది, ఇంకా ఆపితే తెర మీది గుర్తులన్నీ వణకడం మొదలుపెడతాయి. అమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నది. కాల్ వచ్చినప్పుడు తాళం పడి ఉంటే పక్కకు జరపాలి, ఫోను వాడుతుండగా వస్తే పచ్చ బటన్‌ను తాకాలి. నా చేతికి అలవాటైపోయి ఈ తేడాను నేను ఏనాడూ గమనించలేదు. మా ఆయన శామ్‌సంగ్ ఫోనులో హోం స్క్రీన్ అమరిక కదలకుండా బిగించే వీలున్నది, ఈజీ మోడ్ పెడితే గుర్తులు పెద్దవవుతాయి, వేలు ఆపే గడువు కూడా పెరుగుతుంది. మూడింటిలో అమ్మ చేతికి అదే కొంచెం దగ్గరగా వచ్చింది. అయితే మూడూ రెండు వందల గ్రాములకు అటూ ఇటూ బరువున్నవే. పడుకుని మాట్లాడుతుంటే అమ్మ మణికట్టు నొప్పి పెడుతుంది.

ఇంకొకటి కూడా తేలింది. 2017లో ఐఫోన్ టెన్‌తో హోం బటన్ పోయింది, 2019లో ఆండ్రాయిడ్ 10తో అంచు నుంచి వేలు లాగి వెనక్కి వెళ్లే పద్ధతి వచ్చింది. నాకు అది ఎంతో హాయిగా ఉంటుంది. అమ్మకు మాత్రం కంటికి కనబడని దారి దారే కాదు. కింద మూడు బటన్లు మళ్లీ వచ్చేలా మార్చి ఇచ్చాను.

ఇదంతా అయ్యాక, రేపే వెళ్లి అమ్మకు మీటల ఫోను కొనాలని నిశ్చయించుకున్నాను. నాన్న నోకియా 1100 గుర్తుకు వచ్చింది. 2003లో వచ్చిన మోడల్, బరువు 86 గ్రాములు, ప్రపంచమంతటా పాతిక కోట్లకు పైగా అమ్ముడైనది. మా ఊళ్లో దానిని అందరూ టార్చి ఫోను అనేవారు. తెనాలి వైపు కాలువ నీటి వంతు మాకు తరచు రాత్రిపూట పడేది. నాన్న పలుగు భుజాన వేసుకుని బోదె గండి కట్టడానికి వెళితే అమ్మ వెంట వెళ్లేది, ఫోను ఆమె చేతిలో ఉండేది. అందులో 'సి' మీటను నొక్కి పట్టుకున్నంతసేపూ టార్చి వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. రెండుసార్లు నొక్కితే వెలుగుతూనే ఉంటుంది గానీ, మరిచిపోతే ఛార్జి అయిపోతుందని నాన్న అలా పెట్టనిచ్చేవారు కాదు. "వేలు తియ్యకు, నేను గట్టెక్కేదాకా తియ్యకు" అనేవారు. నేను సెలవులకు వెళ్లినప్పుడు ఒకసారి వెంట వెళ్లాను. మోకాలి లోతు నీళ్లలో నాన్న, గట్టు మీద అమ్మ, ఆమె బొటనవేలు కింద ఆ వెలుగు. పాములు తిరిగే వేళ కావడం వల్ల ఆమె కళ్లు నాన్న పాదాల చుట్టూ తిరుగుతుండేవి గానీ వేలు మాత్రం అంగుళం కదలలేదు. నాకు ఫోను చెయ్యాలన్నా అంతే, 2 అంకెను నొక్కి పట్టుకుంటే నా నంబరు మోగేలా నాన్న పెట్టి ఇచ్చారు. నాన్న పోయిన రెండో ఏడు దాకా అమ్మ నాకు అలాగే చేసేది.

ఇది ఇంతదాకా రాశాక గానీ నాకు తట్టలేదు. అమ్మ వేలు నిలవడం వయసు వల్లనో చేతుల వణుకు వల్లనో అని మధ్యాహ్నం నుంచీ అనుకుంటున్నాను. కాదు, ఆ వేలు అలా నేర్చుకున్నది. నొక్కి పట్టుకుంటే వెలుగు వస్తుందని, నొక్కి పట్టుకుంటే కూతురు పలుకుతుందని నేర్చుకున్న వేలు అది. ఈ కొత్త ఫోనులో అదే పని చేస్తే గుర్తు ఊడి వస్తున్నది.

అలాగని మీటల ఫోను కొనాలన్న నిశ్చయం ఇప్పుడు నాకు లేదు. సెట్టింగ్స్‌లో, వైకల్యాలు ఉన్నవారి కోసం ఏర్పరచిన భాగంలో, తాకి పట్టుకునే గడువును పెంచుకునే వీలు ఆండ్రాయిడ్‌లో ఉన్నది. రాత్రి భోజనాలయ్యాక దానిని అన్నిటికన్నా ఎక్కువకు మార్చాను. అమ్మ పచ్చ గుర్తు మీద తన పద్ధతిలో వేలు ఉంచి, నిదానంగా తీసింది. అది తెరుచుకున్నది. పిన్నితో నలభై నిమిషాలు మాట్లాడింది. మీటల ఫోను ఇస్తే చిన్నవాడి ముఖం చూస్తూ మాట్లాడడం పోతుంది. మైకు గుర్తు తాకి "బస్సు ఎక్కాను" అంటే తెలుగు అక్షరాలై పడడం కూడా పోతుంది. 2017లో తెలుగుకు గూగుల్ మాట టైపింగు వచ్చాకనే కదా అమ్మ మొదటిసారి నాకు ఒక సందేశం పంపగలిగింది. ఆ సందేశం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. దాచిన డబ్బాల్లో ఆవకాయ ఏది, మాగాయ ఏది అని రాసింది.

కానీ ఈ వీలు మొదటిసారి ఫోను తెరిచినప్పుడే ఎందుకు అడగరు? భాష అడుగుతారు, వైఫై అడుగుతారు, వేలిముద్ర నాలుగైదుసార్లు పెట్టించుకుంటారు. వేలు ఎంతసేపు ఆగుతుందో అడగరు.

పడుకోబోతూ అమ్మ ఒక మాట అడిగింది. "ఇందులో టార్చి ఎక్కడుందే?" పైనుంచి తెరను కిందకు లాగి, వరుసలో వెతికి చూపించాను. ఆమె రెండుసార్లు ప్రయత్నించింది, చీకట్లో దొరకలేదు. రేపు దానిని ఒక మీటకు కట్టే దారి ఏదైనా ఉన్నదేమో చూడాలి.