సైరెన్ల ప్రశ్నకు నేను సిద్ధమైన తీరు

మే నెలలో అమెరికా హైస్కూల్ విద్యార్థులు కాలేజీ స్థాయిలో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఇంగ్లిష్ లిటరేచర్ పరీక్ష రాయబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: పాత ప్రశ్నల్లో ఒక్కటే చేసే తీరిక ఉంటే, 2000 సంవత్సరపు మొదటి వ్యాసప్రశ్న చేయండి. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’లో, పాటతో నావికులను రప్పించి చంపే సైరెన్ల ఘట్టం, కెనడా రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్ 1974 నాటి కవిత ‘సైరెన్ సాంగ్’ పక్కపక్కనే ఇచ్చి, సైరెన్ల చిత్రణను పోల్చమన్నారు. ఇప్పుడు ఒక కవితే ఇస్తున్నారు గానీ, కవిత చదవడం నేర్పడంలో ఆ ప్రశ్నకు సాటి వచ్చేది నాకు కనిపించలేదు.

చాలామంది ‘హోమర్ సైరెన్లు సౌందర్యంతో వలవేస్తారు’ అని మొదలుపెడతారు. పన్నెండో సర్గ మళ్లీ చదవండి. వాళ్ల రూపం గురించి హోమర్ ఒక్క మాటా చెప్పలేదు. తియ్యని గొంతు ఉంది, అంతే. వాళ్లు చూపే ఎర జ్ఞానం. ట్రాయ్ యుద్ధం ముగించి ఓడలో ఇంటికి వెళుతున్న కథానాయకుడు ఒడిస్సియస్‌ను పేరుపెట్టి పిలిచి, పొగిడి, ట్రాయ్‌లో జరిగినదంతా తమకు తెలుసంటారు. తన యుద్ధం గురించే పాట వినిపిస్తామంటే ఏ వీరుడు ఆగుతాడు? పాట విన్నా వాళ్ల దగ్గరకు వెళ్లకుండా ముందే తనను తెరచాప కొయ్యకు కట్టించుకున్నా, కట్లు విప్పమని తోటి నావికులకు కనుబొమలతో సైగ చేస్తాడు. ఇదంతా చెబుతున్నది కూడా అతడే. అంటే తప్పించుకున్నవాడి నోట మనం సైరెన్లను వింటున్నాం.

అట్‌వుడ్ దగ్గర గొంతు మారింది. ఇక్కడ సైరెనే మాట్లాడుతుంది. పక్షి వేషం నచ్చలేదని, తోటి సైరెన్లతో కలిసి పాడటం విసుగని గోడు వెళ్లబోసుకుంటుంది. రహస్యం నీకొక్కడికే చెబుతాను, కాపాడమంటుంది, నీవంటివాడు మరొకడు లేడంటుంది. జాలిపడి దగ్గరకు వెళ్లేసరికి తెలుస్తుంది, మనం ఇంతసేపూ విన్న ఆ మొరే అసలు పాటని! మూడేసి పాదాల చిన్న చరణాల్లో, ఒకదాన్నుంచి మరొకదానికి జారే వాక్యాలతో ఆమె మనల్ని దగ్గరకు లాగుతుంది. నా దృష్టిలో హోమర్ సైరెన్ల కంటే ఈమె ప్రమాదకరం.

రెండు చోట్లా వల పొగడ్తే. హోమర్‌లో వీరుడి గతాన్ని పొగుడుతారు, అట్‌వుడ్‌లో వినేవాడు కాబోయే రక్షకుడని నమ్మిస్తుంది. ఈ ఒక్క తేడాను ప్రతిపాదనగా పెట్టుకుంటే వ్యాసం నడుస్తుంది. ఆరు మార్కుల్లో ప్రతిపాదనకు ఒకటే, ఆధారాలకూ వివరణకూ నాలుగు. అందుకే ఉపమ, రూపకం, వ్యంగ్యం అంటూ జాబితా రాయకుండా, ప్రతి పేరాలోనూ రెండు పాఠ్యాలనూ ఎదురెదురుగా నిలబెట్టండి. సుమారు నలభై నిమిషాల్లో మొదటి ఏడెనిమిది చదవడానికే ఇవ్వండి.

ఇంకా ఆసక్తి ఉంటే శామ్యూల్ డేనియల్ 1605లో ప్రచురించిన ‘యులిసీస్ అండ్ ది సైరెన్’ కవిత చూడండి. యులిసీస్ అంటే ఒడిస్సియస్సే. అదంతా సంవాదం. ఆమె సుఖం చూపిస్తుంది, అతడు గౌరవం అంటాడు, చివరకు ఆమే తగ్గి తానే అతని దగ్గరకు వస్తానంటుంది. ఇంట్లో ఎవరైనా ‘మనుచరిత్ర’ వినిపించి ఉంటే వరూధినీ ప్రవరుల వాదన గుర్తుకొస్తుంది. జవాబులో మాత్రం ఈ రెండింటినీ రాయకండి, మార్కులు ఇచ్చిన పాఠ్యం మీదే.