బిడ్డ గొంతులో గురగుర: ఊపిరి పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా?

మా బాబుకు మూడో వారంలో మొదలైంది. పాలు తాగుతున్నా, ఏడుస్తున్నా, వెల్లకిలా పడుకోబెట్టినా గొంతులోంచి కీచుమని చప్పుడు. జ్వరం లేదు, దగ్గు లేదు. హన్మకొండలో మొదట చూపించిన చోట కఫం అని చెప్పి మూడు వారాలు నెబ్యులైజర్ (మందును పొగమంచులా చేసి పీల్పించే మిషన్) పెట్టించారు. ఏం తగ్గలేదు. ఆ మందు ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలను తెరుస్తుంది, మావాడి అడ్డేమో గొంతులో ఉంది.

రెండో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "చప్పుడు ఊపిరి పీల్చేటప్పుడు వస్తుందామ్మా, వదిలేటప్పుడా?" నాకు చెప్పరాలేదు. ఇంటికొచ్చి అంగీ విప్పి చూస్తే తెలిసింది. పొట్ట పైకి లేస్తున్నప్పుడే కీచుమంటోంది, అంటే పీల్చేటప్పుడు. అలా వస్తే అడ్డు ఎక్కువగా గొంతు దగ్గర. వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తే ఊపిరితిత్తుల్లో. ముక్కు దిబ్బడ కూడా గురగురమంటుంది. సెలైన్ చుక్కలు వేశాక చప్పుడు పోతే అది ముక్కుదే.

దవాఖానకు పోయేసరికి బిడ్డ చప్పుడు చేయకుండా నిద్రపోతాడు. అందుకే వీడియో తప్పనిసరి. ఫ్యాను, టీవీ బంద్ చేసి, మెడ నుంచి పొట్ట దాకా కనబడేలా ఒక నిమిషం తీయండి. నిద్రలో ఒకటి, పాలు తాగేటప్పుడు ఒకటి, ఏడ్చేటప్పుడు ఒకటి.

ఊపిరి లెక్క నిద్రలోనే పెట్టాలి, పూర్తిగా 60 సెకన్లు. పసిపిల్లల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు కాబట్టి 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది. రెండు నెలల లోపు నిమిషానికి 60, ఆపైన ఏడాది లోపు 50, లేదా అంతకు మించితే వేగం ఎక్కువ. 60 దాటితే కాసేపాగి మళ్లీ లెక్కించండి. బరువు కూడా రాసిపెట్టండి: మొదటి మూడు నెలల్లో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. చప్పుడు ఎంత పెద్దగా ఉన్నా బరువు పెరుగుతుంటే డాక్టర్లకు సగం ధైర్యం.

మాకు కాలికి ప్రోబ్ పెట్టి ఆక్సిజన్ చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు, గుండె ఎకో చేశారు. అన్నీ మంచిగానే వచ్చాయి. అసలు జవాబు ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి వేసిన సన్నని వంగే స్కోపులో (కెమెరా గొట్టంలో) దొరికింది. కక్కకుండా రెండు మూడు గంటల ముందు నుంచే పాలు ఆపమన్నారు. మత్తు ఇవ్వలేదు, రెండు నిమిషాల పని. తెర మీద స్పష్టంగా కనబడింది: ఊపిరి పీల్చిన ప్రతిసారీ స్వరపేటిక మీది మెత్తని మూత ముడుచుకుని లోపలికి పడుతోంది. దీన్ని లారింగోమలేషియా అంటారు. చాలామందిలో నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య చప్పుడు పెరిగి, ఏడాదిన్నర, రెండేళ్లకల్లా పోతుంది. బరువు పెరగకపోయినా, ఆక్సిజన్ పడిపోతున్నా ఆపరేషన్ దాకా పోతారు.

పాలు కొంచెం కొంచెంగా, బిడ్డను నిటారుగా పట్టుకుని పట్టించాలి. బోర్లా వేస్తే చప్పుడు తగ్గుతుంది కానీ మెలకువలో, మన కళ్లముందే వేయాలి. నిద్ర మాత్రం వెల్లకిలే. తానం పోశాక సాంబ్రాణి పొగ వేయొద్దని అత్తమ్మకు డాక్టరుతోనే చెప్పించాం. డొక్కలెగరేస్తే చురకలు పెట్టించే ఊళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి బిడ్డను అటు తీసుకుపోకండి.

పెదాలు నీలంగా మారినా, పీల్చినప్పుడు డొక్కలు లోతుగా లోపలికి పోతున్నా, ఊపిరి 20 సెకన్లు ఆగినా, పాలు తాగడం మానేసినా పొద్దున దాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.