పొట్టేలు కొమ్ములు కాదు, కాళ్ళు చూడండి

పొట్టేలు ఆకారంలో ఉన్న ఓ పాతకాలపు మట్టి శవపేటిక చూద్దామని శనివారం పొద్దున్నే విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ సంగతి మరిచి వెళ్తే పాంథియన్ రోడ్డులో గేటు చూసి తిరిగి రావడమే. గుంటూరు పక్క నుంచి ఒక కుమ్మరి పెద్దాయన కూడా వచ్చారు. లోపలికెళ్తే మనవాళ్ళంతా అమరావతి శిల్పాల దగ్గరే ఆగిపోతారు (అవి ఇక్కడెందుకున్నాయన్న తగువూ అక్కడే మొదలు). అందుకని ముందు పూర్వచరిత్ర విభాగం ఎటని అడిగాం.

మేం చూడాలనుకున్నది కడప జిల్లా శంఖవరంలో దొరికిన మట్టి శవపేటిక. ఆకారం పొట్టేలుది. ఇనుప యుగపుది, అంటే మన ఊళ్ళలో రాక్షస గుళ్ళు అని పిలిచే రాతి సమాధుల కాలం. ఇలాంటి పేటికల్లో చాలాసార్లు నిండు శవం ఉండదు, మాంసం పోయాక ఏరి తెచ్చిన ఎముకలు పెట్టేవారు. అందుకే పేటిక మనిషి పొడుగు ఉండక్కర్లేదు. పక్కన ఇనుప పనిముట్లు, నలుపు-ఎరుపు కుండలు ఉంచేవారు. కుండను బోర్లించి కాలిస్తే గాలి అందని లోపలి భాగం, అంచు నల్లబడతాయి, అడుగు ఎర్రగా వస్తుంది.

అందరూ కొమ్ముల్నే చూస్తారు. పెద్దాయన మాత్రం వంగి కింద చూశారు.

"తల ఎవడైనా అతికిస్తాడండీ. కాళ్ళ దగ్గరే పని."

తొట్టి లాంటి ఒళ్ళు కుమ్మరి సారె మీద రాదు. మట్టి చుట్టలు పేర్చి, చెక్కతో తట్టి లేపాలి. ఒక్కరోజులో గోడంతా లేపితే కింద పచ్చిగా ఉన్న భాగం బరువుకి కూలుతుంది. అడుగు కాస్త గట్టిపడ్డాకే పై చుట్ట. ఈ జాతి పేటికలకు కాళ్ళు వరసలుగా, బోలుగా ఉంటాయి. కాలు ముద్దగా చేస్తే లోపలి తేమ బయటికి రాలేక ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) పగులుతుంది. ఒళ్ళు ఎండిపోయాక తడి కాలు అతికించినా అంతే: కాలు కుంచించుకుంటుంది, ఒళ్ళు కదలదు, అతుకు దగ్గర చీలుతుంది. రెండూ ఒకే తేమ పదునులో ఉన్నప్పుడు గీతలు గీసి, పలచటి మట్టి పూసి అతకాలి. మట్టిలో ఊక, ఇసుక కలిపితే ఎండేటప్పుడు కుంచించుకోవడం తగ్గుతుంది. ఊక కాలిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి, ఆవిరికి అదే దారి.

మీరు వెళ్తే ఫోటో ఎదురుగా కాకుండా పక్క నుంచి తీయండి. కాలు ఒంటితో కలిసేచోట వెలుతురు ఏటవాలుగా పడితే వేలితో అదిమి నున్న చేసిన తీరు తెలుస్తుంది.