గల్ఫ్ బండ్లలో పవర్ విండోలు: డ్రైవర్ పనికి వెళ్లేవాళ్ల కోసం

కడప, కోనసీమల నుంచి కువైట్‌కో, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి దుబాయ్‌కో ఇంటి డ్రైవర్‌గా వెళ్లేవాళ్లు బండి తాళం చేతికి రాగానే నాలుగు డోర్ల అద్దాలూ చూసుకోవాలి. ఇంజిన్‌లో ఏదైనా వస్తే గ్యారేజీ వాళ్లు చూసుకుంటారు. అద్దం సగంలో ఆగి లోపలికి ఇసుక కొట్టిందంటే కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) అడిగేది డ్రైవర్‌నే. మొదటిరోజే నాలుగింటినీ పూర్తిగా దించి, ఎక్కించి, ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. పాత లోపం మీ నెత్తిన పడదు.

ఆ ఎండల్లో పవర్ విండోతో పెద్ద సుఖం వేడి వదిలించుకోవడమే. చాలా బండ్లలో రిమోట్‌లోని అన్‌లాక్ బటన్ నొక్కి పట్టుకుంటే అద్దాలన్నీ దిగుతాయి. బండి దగ్గరికి నడిచి వస్తూనే దించేయండి. ఎక్కాక ఏసీ వేసి, ఒక నిమిషం అద్దాలు తెరిచే నడిపి, తర్వాత మూయండి. చిక్కు కూడా ఇక్కడే ఉంది. తాళం జేబులో నొక్కుకుపోతే రాత్రంతా అద్దాలు దిగే ఉంటాయి, పొద్దున్నకి సీట్ల నిండా దుమ్ము. కొన్ని బండ్లలో ఈ సదుపాయాన్ని సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు.

ఎక్కువ గొడవ మాత్రం ఇసుకతోనే. అద్దం జారే రబ్బరు గాడిలో మెత్తటి నూగు ఉంటుంది. షమాల్ అనే గల్ఫ్ దుమ్ముగాలి వీచినప్పుడు సన్నటి దుమ్మంతా అందులో పేరుకుంటుంది. ఆటో మీద (ఒక్కసారి స్విచ్ లాగి వదిలితే దానంతటదే ఎక్కేలా) ఎక్కిస్తే అద్దం పైదాకా వచ్చి, ఉన్నట్టుండి కిందికి దిగిపోతుంది. మోటారు పోయిందని కంగారు పడకండి. పిల్లల వేళ్లు నలగకుండా పెట్టిన రక్షణ అది. అడ్డు తగిలినదాని మీద ఒత్తిడి 100 న్యూటన్లు, అంటే దాదాపు 10 కిలోల బరువు, దాటకముందే అద్దం వెనక్కి రావాలన్నది నియమం. గాడిలో రాపిడి పెరిగితే దాన్నీ బండి అడ్డుగానే లెక్క వేస్తుంది. దీనికే మోటారు మార్చాలని సనాయాలో (గ్యారేజీలుండే ఇండస్ట్రియల్ ఏరియాలో) ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ముందు గాడి కడగండి.

అద్దం పూర్తిగా దించండి. గాడిని మెత్తటి పెయింట్ బ్రష్‌తో కదిలిస్తూ వాక్యూమ్‌తో లాగండి. గాలి కొడితే ఇసుక డోర్ లోపలికి దిగిపోతుంది. తర్వాత తడి మైక్రోఫైబర్ గుడ్డను ప్లాస్టిక్ స్కేలుకు చుట్టి గాడి పొడవునా లాగండి. మొదట్లో గుడ్డకి నల్లటి మట్టి అంటుతుంది, అది రావడం ఆగేదాకా గుడ్డ మారుస్తూ లాగాలి. బాగా ఆరాక సిలికోన్ స్ప్రే పల్చగా కొట్టి, ఐదారుసార్లు అద్దం ఆడించండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ అస్సలు వద్దు. ఇసుక వాటికి అంటుకుని గరుకు ముద్దవుతుంది, అద్దం మీద నిలువు గీతలు పడతాయి.

బ్యాటరీ మార్చాక ఆటో పనిచేయకపోతే అది లోపం కాదు, అద్దం ఎక్కడాగాలో బండి మరిచిపోయింది. ఇగ్నిషన్ ఆన్ చేసి, అద్దం పూర్తిగా దించి, స్విచ్ పైకి లాగి మూసుకున్నాక కూడా కొన్ని సెకన్లు అలాగే పట్టుకోండి. ఎన్ని సెకన్లన్నది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది.

నిజంగా ఆగిపోతే గ్యారేజీకి వెళ్లేముందు చెవి పెట్టి వినండి. మోటారు తిరుగుతున్న చప్పుడు ఉండి అద్దం కదలకపోతే రెగ్యులేటర్ (అద్దాన్ని ఎక్కించి దించే యంత్రం) కేబుల్ తెగింది, లేదా అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్ ఎండకి పెళుసెక్కి విరిగింది. అద్దం ఒకవైపు వాలితే చాలావరకు క్లిప్పే. చప్పుడు లేకుండా స్విచ్ నొక్కినప్పుడు లైట్లు కాస్త మసకబారితే కరెంటు వస్తోంది, మోటారు బిగుసుకుంది. అద్దం తన డోర్ స్విచ్‌తో ఆడి, డ్రైవర్ దగ్గరి స్విచ్‌తో ఆడకపోతే లోపం డ్రైవర్ దగ్గరి మాస్టర్ స్విచ్‌లో. డ్రైవర్ దగ్గర ఆడి, తన డోర్ స్విచ్‌తో ఆడకపోతే ముందు విండో లాక్ బటన్ చూడండి. నాలుగూ ఆడకపోతే ఫ్యూజు, రిలే. డోర్ ఒక కోణంలో తెరిచినప్పుడే పనిచేస్తే, డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉంటుంది. వరసగా పదిసార్లు ఆడించాక ఆగితే మోటారు వేడెక్కింది, కాసేపు వదిలేయండి.

దారిలో అద్దం కింద ఉండిపోతే ఒకరు స్విచ్ లాగుతుండగా ఇంకొకరు రెండు అరచేతులతో అద్దాన్ని అటూఇటూ పట్టి పైకి లాగాలి. ఎక్కాక డోర్ ఫ్రేమ్ మీదుగా టేపు వేయండి. వాడిన సామాను కువైట్‌లో షువైఖ్‌లో, ఎమిరేట్స్‌లో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో దొరుకుతుంది. మోటారు, స్విచ్ వాడినవి తీసుకోవచ్చు కానీ కేబుల్ రెగ్యులేటర్ కొత్తదే మేలు.

స్కూలు పిల్లలు ఎక్కితే విండో లాక్ వేసే ఉంచండి. ఇంజిన్ ఆపాక కూడా చాలా బండ్లలో అద్దాలు కాసేపు పనిచేస్తాయి, అందుకే పిల్లల్ని దించాకే మీరు దిగండి.

ఇక వరద. 2024 ఏప్రిల్ 16న దుబాయ్, షార్జా రోడ్లు మునిగినట్టు మునిగితే, నీళ్లు అద్దం అంచుకు చేరకముందే దించి బయటపడాలి. నీటి ఒత్తిడికి డోర్ తెరుచుకోదు, వైర్లు తడిశాక స్విచ్ మీద నమ్మకం పెట్టుకోలేం. పగలగొట్టాల్సి వస్తే మొనదేలిన సుత్తితో పక్క అద్దం మూల మీద కొట్టండి. ముందు అద్దం లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్నది), పగిలినా ఊడిరాదు. కొన్ని కొత్త బండ్లలో పక్క అద్దాలూ అలాంటివే. అద్దం మూలన ముద్ర ఉంటుంది, అందులో టెంపర్డ్ (కొడితే చిన్న ముక్కలై రాలేది) అని ఏ డోర్‌కి ఉందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.